ఫీజు ముందు... సాయం వెనక!

అమ్మాయిని ఐటీఐలోనో పాలిటెక్నిక్‌లోనో చేర్చాలనుకుంటున్నారా? మీరే ఏదైనా పని నేర్చుకోవాలనుకుంటున్నారా? సాయం చేసే పథకాలు లేకపోలేదు. కానీ కాలేజీవాళ్లు డబ్బు కట్టమనే వేళకీ, సాయం చేతికందే వేళకీ మధ్య నెలల తేడా ఉంటుంది. ఆ తేడాని ముందే లెక్క వేసుకుంటే మెడలో గొలుసు మెడలోనే ఉంటుంది!

మా వీధి చివర బట్టలు కుట్టుకునే ఆవిడ ఉంది. కూతురికి పాలిటెక్నిక్‌లో సీటొచ్చిన రోజు వీధంతా మిఠాయి పంచింది. ఆ వారమే రెండు తులాల గొలుసు కుదువ పెట్టింది. "స్కాలర్‌షిప్ వస్తుందన్నారు కదండీ, రాగానే విడిపించేసుకుంటా" అంది ధీమాగా. ఏడాది తిరిగింది. స్కాలర్‌షిప్ జాబితాలో పిల్ల పేరు ఉంది. మంజూరు అయిందనీ చెప్పారు. డబ్బు మాత్రం రాలేదు. గొలుసు మీద వడ్డీ పెరుగుతోంది. బాకీ కడితేగానీ పరీక్ష హాల్ టికెట్ ఇవ్వమని కాలేజీ పట్టుబట్టింది. చివరికి గొలుసు అమ్మేసి బాకీ తీర్చింది. పిల్ల చదువు ఆగలేదు, అదే అదృష్టం.

"పథకం ఉంది కదా అని నమ్మానండీ..." అంది మొన్న కలిసినప్పుడు. ఆవిడ నమ్మకం తప్పు కాదు. లెక్కే తప్పింది. పథకం ఉందా లేదా అని చూసింది కానీ, ఎప్పుడొస్తుందని చూడలేదు.

ఇది ఆవిడ ఒక్కదాని గోడు కాదు. ఫీజు బకాయిలు విడుదల చేయాలంటూ 2025 నవంబర్‌లో తెలంగాణలో ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీలు బంద్ పాటించాయి. ప్రభుత్వానికీ కాలేజీకీ మధ్య బాకీ నిలిచిపోతే నలిగేది పిల్లలే. అందుకే ఏ సాయం ఎక్కడ దొరుకుతుందో, ఎప్పుడు దొరుకుతుందో వరుసగా చూద్దాం.

ముందు ఖర్చు తగ్గించుకుందాం

అప్పు, స్కాలర్‌షిప్ సంగతి తరవాత. అసలు ఫీజే తక్కువుండే చోటు ఉందేమో మొదట వెతకాలి. ప్రభుత్వ ఐటీఐలో, ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఫీజు ప్రైవేటు కాలేజీలతో పోలిస్తే చాలా తక్కువ. ఐటీఐలో సీట్లలో 30 శాతం ఆడపిల్లలకి ఉంటాయి. కంప్యూటర్ ఆపరేటర్, ఎలక్ట్రానిక్స్ మెకానిక్, సివిల్ డ్రాఫ్ట్స్‌మన్, కుట్టుపని, కాస్మెటాలజీ... ఇలా చాలా ట్రేడులున్నాయి. ఆడపిల్లల ఐటీఐ అంటే కుట్టుమిషనే అనుకునే రోజులు పోయాయి. పాలిటెక్నిక్ డిప్లొమాకైతే పదో తరగతి తరవాత పాలీసెట్ రాయాలి.

ఇంకో సంగతి. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ లేదు. దీన్నీ చదువుకి అందిన సాయంగానే లెక్కేయండి. ఊళ్లో ప్రైవేటు కాలేజీ కంటే, పాతిక ముప్ఫై కిలోమీటర్ల దూరంలో ఉన్న ప్రభుత్వ కాలేజీ చవక కావచ్చు. రోజూ వెళ్లొస్తే హాస్టల్ ఖర్చూ తప్పుతుంది.

అసలు పైసా కట్టక్కర్లేని శిక్షణలూ ఉన్నాయి. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్ని ఆర్‌సెటీలంటారు. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో ధర్మస్థల ట్రస్టు, రెండు బ్యాంకులు కలిసి పెట్టిన సంస్థే వీటికి మూలం. ఇప్పుడు దాదాపు ప్రతి జిల్లాలో ఒకటుంది. పద్దెనిమిదేళ్లు నిండిన పల్లెటూరి వాళ్లకి కుట్టుపని, బ్యూటీషియన్ పని, సెల్‌ఫోన్ రిపేరు లాంటివి భోజనం, వసతి పెట్టి మరీ ఉచితంగా నేర్పుతారు. నేర్పి వదిలేయరు. సొంతంగా ఏదైనా పెట్టుకుంటే బ్యాంకు రుణం ఇప్పించడానికి రెండేళ్లపాటు వెన్నంటి ఉంటారు. మీ జిల్లా లీడ్ బ్యాంకు మేనేజర్ కార్యాలయంలో అడిగితే ఆర్‌సెటీ ఎక్కడుందో చెబుతారు.

పల్లెల్లోని పేద యువత కోసం 2014లో దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన మొదలైంది. ఇదీ ఉచితమే. మామూలుగా ముప్ఫై అయిదేళ్ల వరకే అయినా, ఆడవాళ్లకి నలభై అయిదేళ్ల వరకు అవకాశం ఇచ్చారు. పిల్లలు కాస్త పెద్దయ్యాక ఏదైనా చేద్దామనుకునే ఇల్లాలికి ఇంతకన్నా ఏం కావాలి? హైదరాబాద్‌లో ఉండేవారికి 1978లో ప్రభుత్వం పెట్టిన సెట్విన్ ఉండనే ఉంది. తక్కువ ఫీజుతో కోర్సులు నేర్పుతుంది.

ఫీజు రీయింబర్స్‌మెంట్... ఆశ, నిజం

రెండు రాష్ట్రాల్లోనూ ఎక్కువమంది ఆధారపడేది దీనిమీదే. తెలంగాణలో ఈపాస్ వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో జ్ఞానభూమి ద్వారా నమోదవుతుంది. ఇందులో రెండు భాగాలుంటాయి. కాలేజీ ఫీజు ఒకటి, భోజన వసతి ఖర్చుల కోసం ఇచ్చేది రెండోది.

ఆదాయ పరిమితి కులాన్ని బట్టి, ఊరూ పట్నాన్ని బట్టి మారుతుంది. ఉదాహరణకి తెలంగాణలో బీసీ, ఈబీసీ కుటుంబాలకి పల్లెల్లో ఏడాదికి లక్షన్నర, పట్నాల్లో రెండు లక్షలు దాటకూడదు. ఈ ఏడాది మీకు ఏ పరిమితి వర్తిస్తుందో కాలేజీ ఆఫీసులోనే అడిగి రాసుకోండి.

ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మొదలైన వసతి దీవెన పథకంలో ఏడాదికి ఐటీఐ పిల్లలకి 10,000, పాలిటెక్నిక్ పిల్లలకి 15,000, డిగ్రీ ఆ పైన చదివేవారికి 20,000 రూపాయల చొప్పున తల్లి ఖాతాలో వేసేవారు. 2024లో ప్రభుత్వం మారాక ఆ పేర్లు పోయాయి. ఫీజు డబ్బు నేరుగా కాలేజీకే వెళ్లే పద్ధతి వచ్చింది. కాబట్టి మీ ఖాతాలో పడుతుందని ఎదురుచూడకండి. మీ పిల్ల పేరు మీద కాలేజీకి ఎంత జమ అయిందో అప్పుడప్పుడు కనుక్కుంటూ ఉండండి.

ఇక్కడ చాలామంది దెబ్బతినే చోటు ఒకటుంది. కౌన్సెలింగ్‌లో కన్వీనర్ కోటా సీటు వచ్చినవారికే ఫీజు రీయింబర్స్‌మెంట్. మేనేజ్‌మెంట్ కోటాలోనో, చివర్లో స్పాట్ అడ్మిషన్‌లోనో చేరితే రాదు! "చేర్చేయండమ్మా, స్కాలర్‌షిప్ మేం చూసుకుంటాం" అని ఎవరైనా అంటే, సీటు ఏ కోటాలోదో కాగితం మీద చూపించమనండి. హాజరు 75 శాతం తగ్గినా సాయం ఆగుతుంది. పెళ్లిళ్ల సీజన్‌లో పిల్లని నాలుగేసి రోజులు మానిపించేముందు ఇది గుర్తుంచుకోవాలి.

ఆడపిల్లల కోసమే 'ప్రగతి'

తెలిసినవాళ్లు తక్కువ కానీ, డిప్లొమాలో చేరిన అమ్మాయిలకి ఇది మంచి స్కాలర్‌షిప్. పేరు ప్రగతి. అఖిల భారత సాంకేతిక విద్యామండలి, అదే ఏఐసీటీఈ, ఇస్తుంది. ఏడాదికి 50,000 రూపాయలు! కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షలు మించకూడదు. అంటే ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి అర్హత లేని మధ్యతరగతి ఇళ్లకీ ఇది అందుతుంది. ఒక ఇంట్లో ఇద్దరు అమ్మాయిల వరకు తీసుకోవచ్చు. ఏఐసీటీఈ గుర్తింపు ఉన్న కాలేజీలో మొదటి సంవత్సరంలో, లేదా లేటరల్ ఎంట్రీలో రెండో సంవత్సరంలో చేరి ఉండాలి. వైకల్యం ఉన్న విద్యార్థులకి 'సక్షమ్' అని ఇలాంటిదే ఉంది. ఐటీఐకి మాత్రం ఇవి వర్తించవు.

దరఖాస్తు చేయాల్సింది జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో. గడువు దాటితే ఎవరినీ బతిమాలినా లాభం లేదు. ఒకేసారి ప్రభుత్వ స్కాలర్‌షిప్‌లు రెండు తీసుకోవడానికి సాధారణంగా ఒప్పుకోరు. ఏది ఎక్కువ వస్తుందో, ఏది త్వరగా వస్తుందో బేరీజు వేసుకుని ఒకటి ఎంచుకోండి.

బీడీలు చుట్టే తల్లులు ఇది తప్పక చదవాలి. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఇంటింటా మీరున్నారు కదా! బీడీ కార్మికుల పిల్లల చదువుకి కేంద్ర కార్మికశాఖ సాయం చేస్తుంది. ఐటీఐ చదివేవారికి ఏడాదికి 6,000 రూపాయలు. దీనికీ జాతీయ పోర్టల్‌లోనే దరఖాస్తు. బీడీ కార్మికుల గుర్తింపు కార్డు ఉండాలి. ఆ కార్డు పెట్టె అడుగున ఉంటే పైకి తీయండి. ఎల్‌ఐసీ ఇచ్చే గోల్డెన్ జూబ్లీ స్కాలర్‌షిప్‌లలో కూడా ఐటీఐ, డిప్లొమా పిల్లలకి చోటుంది. మంచి మార్కులు, తక్కువ ఆదాయం ఉంటే ప్రయత్నించవచ్చు.

అప్పు తప్పదంటే...

అప్పు పేరెత్తితే భయపడతాం. అసలు భయపడాల్సింది ఎవరి దగ్గర, ఎంత వడ్డీకి అన్నది తెలియకుండా చేసే అప్పుకి. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే చిన్నదిగానే వినిపిస్తుంది. 25,000 తెస్తే నెలకి 750, ఏడాదికి 9,000! అసలు అలాగే ఉంటుంది. లక్ష రూపాయల చీటీని తొలి నెలల్లోనే పాతికవేలకి పాడుకుంటే చేతికొచ్చేది డెబ్భై అయిదు వేలే. కట్టాల్సింది మాత్రం మొత్తం చీటీ.

చిన్న కోర్సుల కోసం బ్యాంకుల్లో 'స్కిల్ లోన్' ఉంటుంది. 2015లో పెట్టినప్పుడు 5,000 నుంచి లక్షన్నర వరకు ఇచ్చేవారు. 2024లో దీన్ని మార్చి పరిమితిని ఏడున్నర లక్షలకి పెంచారు. ఐటీఐ, పాలిటెక్నిక్, గుర్తింపు ఉన్న శిక్షణ కేంద్రాలు దీని కిందికి వస్తాయి. తాకట్టు అడగరు. పెద్ద కోర్సులకైతే మామూలు విద్యారుణం ఉంది. నాలుగు లక్షల వరకు పూచీకత్తు ఆస్తి అడగకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన. చదువు అయ్యాక మరో ఏడాది వరకు వాయిదాలు మొదలవ్వవు. కొన్ని బ్యాంకులు అమ్మాయిలకి వడ్డీలో అర శాతం తగ్గిస్తాయి. అడిగితేనే చెబుతారు సుమా! పెళ్లయినవాళ్లు తీసుకుంటే భర్తగానీ, అత్తమామలుగానీ, అమ్మానాన్నగానీ సహ రుణగ్రహీతగా సంతకం పెట్టొచ్చు.

చిన్న లెక్క చూడండి. ఏడాది కోర్సుకి 60,000 అప్పు, వడ్డీ పదకొండు శాతం అనుకుందాం. నెలకి వడ్డీ 550 రూపాయలు. చదువుకునే రోజుల్లోనే ఆ 550 కడుతూ పోతే తరవాత అసలు ఒక్కటే మిగులుతుంది. కట్టకపోతే 6,600 వచ్చి అసలులో కలుస్తుంది. పాలవాడికిచ్చే డబ్బు పక్కన ఈ డబ్బూ ఓ కవర్లో పెట్టేయండి.

"మీ ఊరు మా బ్రాంచి పరిధిలోకి రాదు" అని తిప్పి పంపుతారు కొందరు. విద్యారుణానికి పరిధి సాకు చెప్పకూడదని 2012లోనే రిజర్వ్ బ్యాంకు చెప్పింది. కాదంటే కారణం రాసివ్వమని అడగండి. మర్యాదగానే అడగండి, కానీ అడగండి. ఫిర్యాదు చేశాక ముప్ఫై రోజులైనా బ్యాంకు పలక్కపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి రాయవచ్చు. దానికి ఫీజేమీ లేదు.

ఆ మధ్య నెలలు గడిచేదెలా?

అసలు చిక్కంతా ఇక్కడే. సీటు వచ్చిన వారానికే డబ్బు కావాలి. ఫీజు ఒక్కటే కాదు. డ్రాయింగ్ బోర్డు, డ్రాఫ్టర్, యాప్రాన్, బూట్లు, యూనిఫారం, పుస్తకాలు, పరీక్ష ఫీజు, హాస్టలైతే అడ్వాన్సు... వీటికి ఏ పథకమూ ముందుగా డబ్బివ్వదు. అందుకని పదో తరగతి పరీక్షలు అవ్వగానే ఓ కాగితం తీసి మొదటి ఆరు నెలల ఖర్చంతా రాయండి. స్కాలర్‌షిప్ ఒక్క రూపాయి కూడా రాదనుకునే రాయండి. ఆ మొత్తం మీ దగ్గర ఉందా? లేకపోతే ఎంత తక్కువ? ఆ తక్కువకి మాత్రమే దారి వెతకాలి.

ద్వాక్రా సంఘంలో ఉన్నారా? అయితే మొదట అడగాల్సింది అక్కడే. సంఘం పొదుపులోంచి తీసుకునే అంతర్గత అప్పుకి చాలాచోట్ల నూటికి రూపాయి వడ్డీయే. కాలేజీని వాయిదాల్లో కట్టించుకోమని అడగడం రెండో దారి. రీయింబర్స్‌మెంట్ వచ్చే పిల్ల అయితే, ఆ డబ్బు రాకముందే ఎంత కట్టాలి, వచ్చాక ఎంత తిరిగిస్తారు అన్నది చేరేటప్పుడే మాట్లాడుకోండి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి. ఇక బంగారమే దిక్కనుకుంటే కుదువ కొట్టుకి కాకుండా బ్యాంకుకి వెళ్లండి. వడ్డీ తక్కువ, వస్తువుకి భద్రం. కానీ అది చివరి మెట్టు, మొదటిది కాదు.

ఒరిజినల్ సర్టిఫికెట్ల విషయంలో జాగ్రత్త. చూసి తిరిగివ్వాలే తప్ప అట్టేపెట్టుకోకూడదని డిగ్రీ కాలేజీలకి యూజీసీ 2018లో స్పష్టంగా చెప్పింది. సాంకేతిక కాలేజీల విషయంలో ఏఐసీటీఈ మాటా అదే. ఇవ్వనంటే ప్రిన్సిపాల్‌కి రాతపూర్వకంగా అడగండి, నకలు మీ దగ్గర ఉంచుకోండి. ఆ తరవాత సాంకేతిక విద్యాశాఖకి ఫిర్యాదు చేయొచ్చు.

నేర్చుకుంటూనే నాలుగు డబ్బులు

అప్రెంటిస్‌షిప్ అనే మాట మన ఇళ్లల్లో తక్కువ వినిపిస్తుంది. 1961 నాటి చట్టం అది. ఫ్యాక్టరీలోనో, ఆఫీసులోనో పని నేర్చుకుంటూ నెలనెలా స్టయిపెండ్ తీసుకోవచ్చు. 2019లో సవరించిన నిబంధనల్లో చదువుని బట్టి కనీస స్టయిపెండ్‌ని 5,000 నుంచి 9,000 రూపాయల వరకు పెట్టారు. 2016లో వచ్చిన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద అందులో కొంత, నెలకి గరిష్ఠంగా 1,500 వరకు, కేంద్రమే భరిస్తుంది. ఐటీఐ పూర్తయిన అమ్మాయిని "ఇక చాలు, సంబంధాలు చూద్దాం" అనేముందు ఆ ఒక్క ఏడాది అప్రెంటిస్‌గా చేయనివ్వండి. చేసిన అప్పు తన చేత్తోనే కొంత తీర్చుకుంటుంది.

ఈ ఫైలు సిద్ధమా?

పదో తరగతి సెలవుల్లోనే ఓ ఫైలు కొని ఇవన్నీ అందులో పెట్టండి.

* టెన్త్ మెమో, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, ఒక్కొక్కదానికి మూడేసి జిరాక్సులు.

* కుల, ఆదాయ ధ్రువపత్రాలు. మీసేవలోగానీ, సచివాలయంలోగానీ ముందే దరఖాస్తు చేయండి. అడ్మిషన్ల రోజుల్లో అక్కడ జాతరే! పెళ్లయిన అమ్మాయికి ఎవరి ఆదాయం చూపాలో ముందే అడగండి.

* ఆధార్. అందులో పేరూ, పుట్టిన తేదీ టెన్త్ మెమోలో ఉన్నట్టే ఉన్నాయా? ఒక్క అక్షరం తేడా ఉన్నా దరఖాస్తు ఆగిపోవచ్చు.

* పిల్ల పేరున బ్యాంకు ఖాతా. ఆధార్ ఇచ్చినంత మాత్రాన సరిపోదు. ప్రభుత్వ డబ్బు ఈ ఖాతాలోనే పడేలా ఎన్‌పీసీఐలో నమోదు చేయమని బ్యాంకులో అడగండి. వాడక మూలపడిన ఖాతా అయితే మళ్లీ తెరిపించండి.

* రేషన్ కార్డు, సీటు అలాట్‌మెంట్ కాగితం, ఫీజు రసీదులు.

* దరఖాస్తు నంబరు, పాస్‌వర్డ్ రాసుకున్న చిన్న పుస్తకం. నెట్ సెంటర్ అబ్బాయి ఫోన్ నంబరు కాదు, మీ ఇంటి ఫోన్ నంబరే ఇవ్వండి. ఓటీపీలన్నీ దానికే వస్తాయి.

* కోర్సుకి గుర్తింపు ఉందని చూపే కాగితం. ఐటీఐకి ఎన్‌సీవీటీ, పాలిటెక్నిక్‌కి ఏఐసీటీఈ. గుర్తింపు లేనిచోట చేరితే స్కాలర్‌షిప్పూ రాదు, బ్యాంకూ రుణమివ్వదు.

చివరిగా ఓ మాట. అబ్బాయి ఇంజినీరింగ్‌కి పొలం తాకట్టు పెట్టడానికి వెనకాడని ఇళ్లలోనే, అమ్మాయి ఐటీఐ దగ్గరికొచ్చేసరికి "స్కాలర్‌షిప్ వస్తే చదివిద్దాం" అంటారు. అది రావడం ఆలస్యమైతే ముందు ఆగేది ఆడపిల్ల చదువే. ఆలస్యం ప్రభుత్వానిది కావచ్చు, కాలేజీది కావచ్చు. పోయిన ఏడాది మాత్రం మన పిల్లది. ఆ ఏడాది పోకుండా కాపాడేది మీరు ముందుగా వేసుకున్న ఆ ఆరు నెలల లెక్కే.

అన్నట్టు, మా వీధి చివరావిడ ఊరుకోలేదు. చిన్నకూతురు ఇప్పుడు పదో తరగతి. ఈసారి ఆవిడ కుట్టుమిషన్ సొరుగులో ఓ కొత్త ఫైలుంది. "గొలుసు ఎలాగూ లేదు కదండీ... ఈసారి లెక్కే పెట్టుబడి" అంటూ నవ్వింది. మరి మీ ఇంట్లో ఆ ఫైలు ఎప్పుడు తెరుస్తున్నారు?